చలి వదలని ఇంజను

"ముందు ఆ లైటు సరిగ్గా పట్టు. నేను చూడాల్సింది ఇంజను. నా బట్టతల కాదు."

"పట్టాను మామయ్యగారూ."

"అది పట్టడం కాదు, దీపం పెట్టడం. చెయ్యి లోపలికి చాపు. మసి అంటితే కడుక్కోవచ్చు."

జపాన్‌లోని ఉవజిమా ఊరి చివర, నారింజ తోటల వాలు కింద ఉన్న ఇంటి షెడ్డు అది. ఆదివారం మధ్యాహ్నం. నలభై ఏళ్ళు మెకానిక్కుగా చేసి మానుకున్న హ్యోదో తొకిజో తన పాత కారు బోనెట్ కింద తల దూర్చాడు. పక్కన లైటు పట్టుకుని కోడలు కయోకో. మొన్న శుక్రవారం కారు రెండోసారి ప్రభుత్వ తనిఖీలో తప్పింది. సాయంత్రంలోగా ఆయన విసుగెత్తి బోనెట్ మూసేస్తే బాగుండునని కయోకో పొద్దుటి నుంచీ కోరుకుంటోంది.

"ఆ తనిఖీ కుర్రాడు ఏమన్నాడో విన్నావా? 'తాతగారూ, బండికి వయసైపోయింది' అన్నాడు. బండికి వయసవడమేంటి? చూసేవాడికి బుద్ధి లేక."

"పొగలో అంకె హద్దు దాటిందని చెప్పారు కదండీ."

"అంకె చూడ్డానికి మనిషెందుకు? సైలెన్సర్ వెనక నిలబడితే కళ్ళు మండుతున్నాయి, పచ్చి పెట్రోలు వాసన. ఆ మాత్రం మీ ఆయన కూడా చెప్పగలడు. ముక్కు ఉంది కాబట్టి."

"ఆయన సాయంత్రం ఆరింటికి వస్తానన్నారు. లాక్కెళ్ళే బండి మాట్లాడారట. రేపు కంపెనీ సర్వీసు వాళ్ళకి చూపిద్దామని..."

"ఆ తెల్ల గ్లవుసుల కుర్రాళ్ళకా? తెర మీద అంకె కనపడకపోతే వాళ్ళకి బోనెట్ ఎటు తెరుచుకుంటుందో తెలీదు. ఈ బండికి వాళ్ళ తెర తగిలించే చోటే లేదు. ఏం చేస్తారు, చుట్టూ నిలబడి దణ్ణం పెడతారా?"

"అయితే వాళ్ళకీ దొరకదంటారా?"

"ఎందుకంత ఆశగా అడుగుతున్నావు?"

"ఆశేముంది. ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఇదిగో, ఈ ప్లగ్గు పట్టుకో. ఏం కనిపిస్తోంది?"

"నల్లగా ఉంది."

"నలుపులో చాలా రకాలున్నాయి. వేలితో రాయి. జిడ్డా, పొడా?"

"పొడి మసి."

"జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. అంటే లోపల అరిగిపోయినట్టు. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. నాలుగు ప్లగ్గులూ ఇలాగే ఉన్నాయి. ఒక్కటే నల్లబడితే దానికి పెట్రోలు చల్లే ఇంజెక్టరు కారుతోందనుకోవచ్చు. నాలుగూ నల్లబడితే?"

"అందరికీ ఆజ్ఞ ఇచ్చేవాడే తప్పు చెబుతున్నట్టు."

"...అది నేనన్న మాట. నీకెప్పుడు చెప్పాను?"

"నాకు చెప్పలేదు. భోజనాల దగ్గర ఆయనతో అన్నారు. ఆయన పేపరు చదువుకుంటున్నారు."

"వాడు ఆ బల్ల దగ్గర నలభై ఏళ్ళు తిన్నాడు. అన్నం తప్ప ఏదీ లోపలికి పోలేదు. బ్యాంకులో కూర్చుని జనాలకి అప్పులెలా తీర్చాలో చెబుతాడట. సొంత కారు టైరులో గాలి లేదని చెప్పడానికి పెళ్ళాం కావాలి."

"టైరు సంగతి ఆయనకి తెలుసండీ. తీరిక లేక..."

"వెనకేసుకు రాకు. చెయ్యి ఇలా పెట్టు. ఈ సన్న పైపు లాగి వాసన చూడు."

"వాసనేమీ లేదు."

"పెట్రోలు వాసన వస్తే దాని ఒత్తిడి సరిచూసే బుడ్డిలో పొర చిరిగినట్టు. పొడిగా ఉంది కాబట్టి అది కాదు. గాలి ఫిల్టరు పొద్దున్నే చూశాను. మీ వంటింట్లో ఫ్యాను కంటే శుభ్రంగా ఉంది."

"పోయిన వారమే కడిగాను ఫ్యాను."

"ఏ వైపు?"

"ముందు వైపు."

"అదీ సంగతి. చలిలో స్టార్టయ్యేటప్పుడు అదనంగా చల్లే ఇంజెక్టరొకటి ఉంటుంది. దాన్నీ విప్పి సీసాలో పెట్టి చూశాను. చుక్క కారలేదు. అదీ కాదు."

"ఇన్ని చూశారు. ఇంక వదిలేస్తే ఏమండీ?"

"ఎందుకు వదలాలి?"

"మీరే అన్నారు కదా. అత్తయ్య మూడో ఏటి సంవత్సరీకం నాడు, చుట్టాలందరి ముందూ. ఈ బండి తనిఖీలో తప్పిన రోజున తాళంచెవి ఆవిడ ఫోటో ముందు పెట్టేస్తాను, మళ్ళీ స్టీరింగు ముట్టుకోనని."

"అన్నాను. న్యాయంగా తప్పితే అన్నాను. ఎందుకన్నానో కూడా గుర్తుందా? సన్యాసి మంత్రాలు చదివి అలా గడప దాటాడో లేదో, నా కొడుకు గొంతు సవరించుకున్నాడు. లైసెన్సు తిరిగిచ్చేస్తే మున్సిపాలిటీ వాళ్ళు టాక్సీ టిక్కెట్లు ఇస్తారట. అందరూ నోట్లో చేప ముక్క పెట్టుకుని తలలూపారు. మన ఊళ్ళో ఓచి ముసలాడు అలాగే లైసెన్సు ఇచ్చేశాడు. టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు ముల్లంగి ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఊగుతూ పోతాడు."

"ఆయన బాగానే ఉన్నారు. మొన్న బస్‌స్టాప్ దగ్గర నవ్వుతూ పలకరించారు."

"నవ్వక ఏం చేస్తాడు? వాడు చెయ్యాల్సిన పని ఇంకేముంది?"

"కనీసం మీ అబ్బాయి తెచ్చిచ్చిన పెద్దవాళ్ళ స్టిక్కరైనా బండికి అంటించుకుంటే..."

"ఆ నాలుగాకులదా? వెనకొచ్చేవాళ్ళు చూసి, పాపం ముసలాడు అని పక్కకి తప్పుకోవాలనా? అంటించాగా. చెత్త డబ్బాకి. దాన్ని చూసి పిల్లులు తప్పుకుంటున్నాయి."

"మా పాప రిన్ అడిగింది, డబ్బాకి లైసెన్సు ఉందా తాతయ్యా అని."

"దానికి బుద్ధుంది. ఎవరి పోలికో. ఇలా రా. రేడియేటరు మీది పైపు పట్టుకో. జాగ్రత్త. కాలుతోందా?"

"కాలుతోంది."

"అంటే ఇందాక తిప్పినప్పుడు నీళ్ళు వేడెక్కాయి. ఇంజను వేడెక్కింది. అయినా చలికాలం పొద్దున్నే లేచినట్టు పెట్రోలు తాగుతూనే ఉంది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని కూర్చున్నట్టు. అంటే ఏంటి?"

"తెలీదు."

"ప్లగ్గుల సంగతి తెలిసినదానివి ఇది తెలీదా? వేడెక్కిందని దానికెవరూ చెప్పట్లేదు."

"మామయ్యగారూ, టీ పెట్టనా? చేప అట్లు కూడా ఉన్నాయి. వేయించి తెస్తాను."

"మీ అత్త కూడా ఇంతే. నా దగ్గర ఏదైనా దాచాలంటే ముందు తిండి పెట్టేది. టీ వద్దు. వంటింట్లోంచి గిన్నె పట్రా. ఉడోన్ నూడుల్స్ ఉడకబెట్టేది."

"అందులో రిన్‌కి వండుతానండీ."

"నీళ్ళ వేడి చెప్పే సెన్సరు అందులో పెట్టి కాచాలి. నీ ఉడోన్ కంటే అదే శుభ్రం. థర్మామీటరు కూడా తే. మీ ఆయన సాకే సారా వేడి చేసుకునేటప్పుడు వాడతాడే, అది. వాడి చేతిలో ఉన్న పనిముట్టు అదొక్కటే."

గిన్నె వచ్చింది. నీళ్ళు పోశారు. షెడ్డు మూల ఉన్న చిన్న గ్యాసు పొయ్యి మీద అది కాగడం మొదలుపెట్టింది. వేలెడంత ఇత్తడి సెన్సరు గిన్నెలో వేలాడుతోంది.

"సెన్సరుకి తగిలించిన మీటరు చూడు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అంకె ఏమవుతోంది?"

"తగ్గుతోంది."

"తగ్గాలి. నీళ్ళు చల్లగా ఉంటే పెద్ద అంకె, కాగితే చిన్న అంకె. ఇది కంప్యూటరుకి పంపే కబురు ఇదే. ఇప్పుడు కాగాయి. ఎంతకి దిగింది?"

"మూడు వందలకి."

"సెన్సరు నిజమే చెబుతోంది."

"అయితే కంప్యూటరే పోయుంటుందండీ. ఈ పాత బండికి ఇప్పుడెక్కడ దొరుకుతుంది? దొరకదు. పోనీలెండి, బాగా నడిచింది ఇన్నాళ్ళూ."

"ఎంత తొందరగా చంపేస్తున్నావు దాన్ని. ఇంకా ఊపిరి ఆడుతోంది. సెన్సరు ఇక్కడుంది. కంప్యూటరు పెట్టె అక్కడుంది, డ్రైవరు పక్క సీట్లో కాళ్ళ దగ్గర. మధ్యలో ఏముంది?"

"గిన్నెలో నీళ్ళు మరిగిపోతున్నాయండీ."

"నిన్నే అడుగుతున్నాను కయోకో. మధ్యలో ఏముంది?"

"వైరు."

"సెన్సరుకి వైరు తగిలించాను. గిన్నెలోనే ఉండనీ. నువ్వు మీటరు తీసుకుని ఆ సీటు దగ్గరికి వెళ్ళు. కంప్యూటరు దగ్గర ఏ కొసకి పెట్టాలో చెబుతా."

"నేనా? నాకేం తెలుసు వీటి గురించి."

"నా మోకాళ్ళు వంగవు. నువ్వు రోజూ వంగి నేల తుడుస్తావుగా. పసుపు గీతున్న వైరుకి ఒక ముల్లు, దాని పక్క గోధుమరంగు దానికి ఒకటి. పెట్టావా?"

"పెట్టాను."

"అంకె చెప్పు."

"సరిగ్గా కనపడట్లేదు."

"లైటు నీ చేతిలోనే ఉంది."

"...మూడు వందలే."

"అబద్ధమాడటం కూడా పనే. రానివాళ్ళు చెయ్యకూడదు. చూసి చెప్పు."

"రెండు వేల మూడు వందలు."

"ఇక్కడ మూడు వందలని బయల్దేరిన కబురు అక్కడికి చేరేసరికి రెండు వేల మూడు వందలైంది. నీళ్ళు సలసలా కాగుతుంటే కంప్యూటరుకి మాత్రం మంచు నీళ్ళని చేరుతోంది. అది నమ్మి పెట్రోలు కుమ్మరిస్తోంది. ఏమైందంటావు దారిలో?"

"ఎలుక కొరికిందేమో. మొన్న కోసిన నారింజలు షెడ్డులోనే పెట్టాం, వాటికోసం..."

"ఎలుక కొరికితే వైరు తెగుతుంది. సరిగ్గా రెండు వేలు లెక్కపెట్టి కలపదు. ఆ చదువు ఎలుకకి లేదు. కాళ్ళ కింద చాప ఎత్తు."

"మామయ్యగారూ."

"ఎత్తు."

"ఎత్తాను."

"ఏముంది?"

"వైరుకి టేపు చుట్టి ఉంది."

"ఎలాంటి టేపు?"

"...పువ్వులది. పిల్లలు పుస్తకాలకి అంటించుకునేది."

"మెకానిక్కులు వాడే టేపు కాదు. ఈ పని చేసినవాడెవడో వైర్ల పనికి పిల్లల టేపు వాడే రకం. దొంగతనానికి వచ్చి చెప్పులు గుమ్మంలో వరసగా పెట్టే రకం. మా కొట్లో ఇలాంటివాడు దొరికితే నేల ఊడవనిచ్చేవాణ్ణి కాదు. లోపల అంకె పెంచే రెసిస్టరు ఉంటుంది, బియ్యపు గింజంత. ఎవడై ఉంటాడంటావు?"

"ఏమోనండీ."

"తనిఖీ వాళ్ళా? వాళ్ళకి అంత తెలివి లేదు. ఓచి? వాడికి చాప ఎత్తితే నడుం పట్టేస్తుంది. నా కొడుకా? వాడు రెసిస్టరుని చూస్తే మందుబిళ్ళ అనుకుని మింగుతాడు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నేనే పెట్టానండీ."

"గట్టిగా చెప్పు. సీటు కిందకి చెబుతున్నావు."

"నేనే పెట్టాను. ఏప్రిల్లో. రైస్ కుక్కర్లు బాగుచేసే కొట్లో ఆ గింజ అడిగి తెచ్చుకున్నాను. పాత రేడియోకని చెప్పాను."

"ఈ విద్య నీకెవరు నేర్పారు?"

"మీరే. సోబా నూడుల్స్ తింటూ ఆయనతో చెప్పారు. ఈ కాలం బండ్లలో కంప్యూటరు ఉత్త వెర్రిబాగులది, నీళ్ళ సెన్సరు ఏం చెబితే అది నమ్ముతుంది, దారిలో ఒక గింజ పెడితే చాలు, ఎండలో కూడా వణుకుతుంది అని. ఆయన అప్పుడు కూడా పేపరు చదువుతున్నారు."

"అందుకని నా బండికి చలిజ్వరం తెప్పించావు. నా మాటతో నా బండికే."

"మీరు అందరి ముందూ మాటన్నారు. తనిఖీలో తప్పితే మానేస్తానని. మీరు మాట తప్పరని తెలుసు. ఇంకో దారి కనపడలేదు."

"నోరుంది కదా. నాతో చెప్పలేకపోయావా?"

"చెబితే వింటారా?"

"వినను."

"మరి."

"ఏం చేశానని ఇంత పని చేశావు?"

"మీకు తెలుసు."

"నాకేం తెలీదు. చెప్పు."

"ఏప్రిల్లో, బడులు తెరిచిన వారం. పొద్దున్నే నన్ను చేపల ఫ్యాక్టరీ దగ్గర దింపడానికి తీసుకెళ్తున్నారు. నేను ఈ సీట్లోనే ఉన్నాను. బడి ముందు పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుని వరసగా దాటుతున్నారు. వాళ్ళని దాటించే ఆవిడ జెండా అడ్డం పెట్టింది. మీరు ఆపలేదు."

"ఎండ కళ్ళలో పడింది."

"ఎండ వెనక ఉంది మామయ్యగారూ. పొద్దున. మనం పడమరకి వెళ్తున్నాం. జెండా పట్టుకున్నావిడ చివరి పిల్లని బ్యాగు పట్టుకుని వెనక్కి లాగింది. మీరు ఆ చౌరస్తా దాటాక కూడా నారింజ పళ్ళ ధర గురించి మాట్లాడుతూనే ఉన్నారు. ఆ చివరి పిల్ల..."

"రిన్. అద్దంలో చూశాను. దాని బ్యాగుకి కుందేలు బొమ్మ వేలాడుతుంది."

"మీరు చూశారా? మరి ఒక్క మాట కూడా..."

"ఏమని అనాలి? లైసెన్సు మళ్ళీ రాయించుకునేటప్పుడు జ్ఞాపకం పరీక్షకని నన్ను కూర్చోబెట్టి బొమ్మలు చూపించారు. ఫిరంగి, డోలు, నిమ్మకాయ. మళ్ళీ అడిగితే అన్నీ అప్పజెప్పాను. పక్కనున్న ముసలాళ్ళు సగం కూడా చెప్పలేకపోయారు. వాళ్ళని చూసి నవ్వుకున్నాను కూడా. ఆ బొమ్మల్లో పసుపు టోపీ లేదు."

"మామయ్యగారూ..."

"మీ ఆయనకి చెప్పావా ఆ సంగతి?"

"ఆ రాత్రే చెప్పాను. నాన్నతో నువ్వే మాట్లాడు, నీ మాటైతే వింటారు అన్నారు."

"వాడు పుట్టినప్పుడు కూడా వాళ్ళమ్మనే ముందు నడవమనుంటాడు."

"తప్పు నాదే. ఇప్పుడే తీసేస్తాను ఇది. ఆయన వచ్చాక ఆయనకీ చెబుతాను. మీరు బండి మళ్ళీ తనిఖీకి తీసుకెళ్ళండి, పాసవుతుంది. నన్నేమన్నా అనండి. రిన్‌ని మాత్రం ఈత క్లాసుకి మీరు తీసుకెళ్ళొద్దు. దాన్ని నేను సైకిలు మీద తీసుకెళ్తాను. అదొక్కటే అడుగుతున్నాను."

"చెయ్యి తియ్యి."

"తీసేద్దామనే..."

"దాని మీంచి చెయ్యి తియ్యి అంటున్నాను. ముట్టుకోకు. చాప మళ్ళీ పరిచెయ్యి. అలా కాదు, అంచు లోపలికి. మీ ఆయనకి ఫోన్ చేసి లాక్కెళ్ళే బండి అక్కర్లేదని చెప్పు."

"ఏమని చెప్పను?"

"నాన్న పొద్దుటి నుంచీ అన్నీ విప్పి చూశారు, ఇంజను లోపల అరిగిపోయింది, ఇంక బాగుపడదన్నారని చెప్పు. తుక్కు వాళ్ళని పిలవమన్నారని చెప్పు."

"కానీ మసి పొడిగా ఉంది కదండీ. అరిగిపోతే జిడ్డుగా..."

"వాడికి ప్లగ్గు పొడో జిడ్డో తెలుసా? నేను విప్పి చూసి పోయిందన్నానంటే పోయినట్టే. ఈ ఊళ్ళో నేను చూసిన బండిని మళ్ళీ ఎవడూ చూడడు. ఆ తెల్ల గ్లవుసుల వాళ్ళైతే రేపు చాప ఎత్తి, ఊరంతా నవ్వేలా చెబుతారు. అలా నిలబడ్డావేం? తాళంచెవి ఆ మేకుకి ఉంది. తీసుకెళ్ళి మీ అత్త ఫోటో ముందు పెట్టు. నారింజ పండు పక్కన పెట్టు, మీద పెట్టకు. ఆవిడకి నచ్చదు."

"పెడతాను."

"ఆ గిన్నె కూడా తీసుకెళ్ళు. రెండుసార్లు కడుగు. నీ ఒక్కసారి నాకు తెలుసు."

"మామయ్యగారూ, ఒక్క మాట."

"ఇంకేంటి?"

"ఆ టేపు పువ్వులది."

"అయితే?"

"ఏప్రిల్లో నేను చుట్టింది కుందేళ్ళది."

"నువ్వు మెలిపెట్టి వదిలేసిన అతుకు జూన్ వానల్లోనే ఊడిపోయింది. బండి స్టార్టే కాలేదు. అంత దిక్కుమాలిన పని నా బండిలో ఉంచలేక ఆ గింజకి మళ్ళీ టంకం వేశాను. కుందేళ్ళ టేపు అడిగితే అయిపోయిందంది రిన్."